మట్టిలో కొత్త యాంటీబయాటిక్ కోసం వెతకడం ఎలా? నెల్లూరు విద్యార్థులకు ఒక దారి

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఏ పొలం మట్టయినా ఒక గ్రాము తెచ్చి, పోషకాల జెల్లీ (అగార్) పోసిన ప్లేటు మీద పరిస్తే, పక్కనున్న బ్యాక్టీరియాను చంపే జీవి ఏదో ఒకటి దొరుకుతుంది. అందులో గొప్పేమీ లేదు. దొరికింది కొత్తదా, మన తాతల కాలంలోనే కనిపెట్టి మందుల షాపుకెక్కించినదా అని తేల్చుకోవడమే అసలు పని. నేను చూసిన ఎమ్మెస్సీ ప్రాజెక్టు రిపోర్టులు చాలావరకు జోన్ (చుట్టూ బ్యాక్టీరియా పెరగక ఏర్పడే ఖాళీ వలయం) ఫొటో దగ్గరే ఆగిపోతాయి. స్కేలు పెట్టి మిల్లీమీటర్లు రాస్తారు, "భవిష్యత్తులో మందుగా ఉపయోగపడవచ్చు" అని చేతులు దులుపుకుంటారు. ఆ ఫొటో తర్వాత చేయాల్సిందీ, దానికి చాలా ముందు పొలం గట్టు మీద అడగాల్సిందీ ఇక్కడ ఎక్కువ రాస్తున్నాను. మధ్యలోది ఏ ప్రాక్టికల్ పుస్తకంలోనైనా ఉంటుంది.

ఇంత అనుమానం ఎందుకంటే, ఈ దారిలో మనకన్నా ముందు చాలామంది నడిచారు. 1943లో అమెరికాలోని రట్గర్స్‌లో, సెల్మన్ వాక్స్‌మన్ ల్యాబులో ఆల్బర్ట్ షాట్జ్ స్ట్రెప్టోమైసిన్‌ను పట్టుకున్నాడు. మన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా మందుల కంపెనీ లెడర్లీలో పరిశోధనను నడిపిస్తున్న రోజుల్లోనే, అక్కడ బెంజమిన్ డగ్గర్ మిస్సోరీ మట్టిలోని ఒక స్ట్రెప్టోమైసిస్ (మట్టిలో బతికే ఒక రకం బ్యాక్టీరియా) నుంచి ఆరియోమైసిన్ తీశాడు. అది 1948లో లోకానికి తెలిసింది. ఎరిత్రోమైసిన్ ఫిలిప్పీన్స్ మట్టిది, వ్యాంకోమైసిన్ బోర్నియో మట్టిది. సులువుగా దొరికేవన్నీ ఆ ఇరవై ముప్పై ఏళ్లలోనే ఏరేశారు. మిగిలింది మీకూ నాకూ.

ఎక్కడి మట్టి తేవాలి

కాలేజీ తోటలోది, హాస్టల్ వెనకది వద్దు. దగ్గరగా ఉందన్న ఒక్క కారణంతో తెచ్చిన మట్టి అందరికీ దొరికినదే ఇస్తుంది. నెల్లూరులో ఉన్నవాళ్లకు మట్టిలో రకాలకు కొదవ లేదు. సముద్రం పక్కన మైపాడు, కొత్తకోడూరు వైపు ఇసుక నేలల్లో సరుగుడు తోటలున్నాయి. సరుగుడు వేళ్ల బుడిపెల్లో ఫ్రాంకియా అనే ఆక్టినోబ్యాక్టీరియా (స్ట్రెప్టోమైసిస్ కూడా ఈ వర్గానిదే) కాపురముంటుంది. దాన్ని ప్లేటు మీద పెంచడం కష్టమే గానీ, ఆ వేళ్ల చుట్టూ ఉండే మట్టిని ప్రయత్నించవచ్చు. అల్లూరు మండలం ఇసకపల్లిలో ఉప్పు మడులున్నాయి. అంత ఉప్పును తట్టుకుని బతికే జీవుల తీరే వేరు. ఉదయగిరి, వింజమూరు మెట్టలో ఎర్రనేలలు, ఒంగోలు వైపు పొగాకు, శనగ వేసే నల్లరేగడి ఉన్నాయి. పుట్టమన్ను కూడా మంచి నమూనాయే. చెదపురుగులతో కలిసి బతికే స్ట్రెప్టోమైసిస్‌ల మీద చాలా పనే జరిగింది. కానీ పసుపు కుంకుమ పడ్డ పుట్ట జోలికి పోకండి. నాగులచవితికి పాలు పోసే చోట గునపంతో కనిపిస్తే మీకు మైక్రోబయాలజీ వివరించే అవకాశం కూడా ఇవ్వరు.

పెంచలకోన చుట్టుపక్కల అడవి మట్టి మీద అందరికీ కన్నుంటుంది. అది పెనుశిల నరసింహ అభయారణ్యం. అటవీ శాఖ అనుమతి కాగితం లేకుండా పిడికెడు కూడా తీయకూడదు.

ఇక రొయ్యల గుంటల సంగతి. "అక్కడ మందులు బాగా వాడతారు గదా, మందు తయారుచేసే బ్యాక్టీరియా కూడా అక్కడే ఉంటుంది" అని విద్యార్థులు అనుకుంటారు. మందు వాడిన చోట పెరిగేది మందును తట్టుకునే రకం. తట్టుకోవడం వేరు, తయారుచేయడం వేరు. పైగా గుంటలో నీటికీ, అడుగు మట్టికీ ప్రోబయాటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా) చల్లుతారు. ఆ సంచుల్లో ఉండేది ఎక్కువగా బాసిల్లస్ జాతులే. మీరు గుంట అడుగున కష్టపడి పట్టుకున్న బాసిల్లస్, వారం కిందట రైతు షాపులో కొనుక్కొచ్చి చల్లినదే కావచ్చు.

వరి మళ్లలో, నిమ్మ తోటల్లో చిక్కు ఇంకో రకం. పొదలకూరు వైపు నిమ్మకు గజ్జి తెగులు వస్తే కాపర్ ఆక్సీక్లోరైడ్‌లో స్ట్రెప్టోసైక్లిన్ కలిపి కొట్టడం చాలాకాలం సాగిన అలవాటు. స్ట్రెప్టోసైక్లిన్ అంటే స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ కలిసిన పొడి. వరిలో పాముపొడకు వాలిడామైసిన్, అగ్గి తెగులుకు కాసుగామైసిన్ కొడతారు. ఈ రెండూ స్ట్రెప్టోమైసిస్ జీవులు తయారుచేసేవే. అంటే మట్టిలోంచి తీసిన మందే మళ్లీ మట్టిలోకి చేరుతోంది. కాబట్టి మట్టి తీసేముందు రైతును అడగండి: ఏ పంట, ఏం కొట్టారు, ఎప్పుడు కొట్టారు, ట్రైకోడెర్మా, సూడోమోనాస్ లాంటి తెగుళ్లను ఆపే సూక్ష్మజీవులు ఏమైనా వేశారా.

అడిగే తీరులో అడగండి. సంచీ, పార, ఫోన్లో మ్యాపు పట్టుకుని పొలంలో దిగితే ఎవరికైనా అనుమానం వస్తుంది. "ఏంది సారూ, మన్ను ఎత్తకపోతుండారు? భూమికేమన్నా ఎసరు పెడతారా?" అంటారు. నవ్వేసి ఊరుకోకుండా నిలబడి చెప్పండి. "లేదన్నా, కాలేజీ పని. మట్టిలో ఉండే సూక్ష్మజీవుల నుంచి మందు వస్తుందేమో చూస్తాం. దోసెడు చాలు." అంతే చాలు, ఆయనే చేను నాలుగు మూలలూ తిప్పి చూపిస్తాడు. ఏ మూల పైరు తెగులు పడకుండా నిలబడిందో కూడా చెబుతాడు. ఆ మూల మట్టిని విడిగా తీసుకోండి.

తీయడం, ఆరబెట్టడం

పైన ఆకులు, చెత్త పక్కకు తోసి, రెండు మూడు సెంటీమీటర్ల పైపొర గీకేయండి. అక్కణ్ణుంచి 10 - 15 సెంటీమీటర్ల లోతు మట్టిని స్పిరిట్‌తో తుడిచి ఆరనిచ్చిన చెంచాతో కొత్త జిప్ కవర్లోకి తీయండి. ఒక్కో చోట 50 గ్రాములు చాలు. కవరు మీద అక్కడికక్కడే తేదీ, ఊరు, ఫోన్ చూపించే అక్షాంశ రేఖాంశాలు, పంట, రైతు చెప్పిన మందుల పేర్లు రాయండి. ఇంటికొచ్చాక రాద్దామనుకుంటే మూడు కవర్లు కలిసిపోతాయి. బైకు డిక్కీలో ఎండకు పెట్టకుండా థర్మాకోల్ డబ్బాలో తెచ్చుకోండి.

మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. ఆక్టినోమైసిట్స్ (స్ట్రెప్టోమైసిస్ లాంటి ఆక్టినోబ్యాక్టీరియా) కావాలంటే అప్పుడు కాదు, ఏప్రిల్, మే నెలల్లో తీయండి. రోహిణీ కార్తె ఎండకు మామూలు బ్యాక్టీరియా చాలావరకు తగ్గిపోతుంది. ఆక్టినోమైసిట్స్ మాత్రం బీజాలుగా మారి ఆ పొడి మట్టిలో కూర్చుంటాయి. అదే పనిని ల్యాబులో ఇంకో మెట్టు ముందుకు తీసుకెళ్లండి. మట్టిని నీడలో వారం రోజులు ఆరబెట్టి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, సగాన్ని హాట్ ఎయిర్ ఓవెన్‌లో 60 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచండి. మిగతా సగం వేడి చేయకుండా పెట్టుకోండి. వేడి తట్టుకోని వాటిలో కూడా పనికొచ్చేవి ఉంటాయి. పది పాళ్ల మట్టికి ఒక పాలు కాల్షియం కార్బొనేట్ కలిపి కొన్నాళ్లు తేమగా ఉంచడం ఇంకో పద్ధతి. ఆక్టినోమైసిట్స్ సంఖ్య దానివల్ల పెరుగుతుంది.

ప్లేట్లు పోయడం

1 గ్రాము మట్టిని 9 మిల్లీలీటర్ల 0.85 శాతం సెలైన్లో బాగా కుదిపి, పదింతలు చొప్పున పలచన చేసుకుంటూ వెళ్లండి. మూడో, నాలుగో, ఐదో ట్యూబుల నుంచి 0.1 మిల్లీలీటరు తీసి ప్లేటు మీద పరవండి.

మీడియం, అంటే సూక్ష్మజీవులకు పెట్టే తిండి, స్టార్చ్ కేసిన్ అగార్. లీటరుకు కరిగే స్టార్చ్ 10 గ్రాములు, కేసిన్ 0.3, పొటాషియం నైట్రేట్ 2, ఉప్పు 2, డైపొటాషియం ఫాస్ఫేట్ 2, మెగ్నీషియం సల్ఫేట్ 0.05, కాల్షియం కార్బొనేట్ 0.02, ఫెర్రస్ సల్ఫేట్ 0.01, అగార్ 18 గ్రాములు. పీహెచ్ 7 నుంచి 7.2. సముద్రతీరం మట్టికి సగం నీళ్ల బదులు వడకట్టిన సముద్రపు నీళ్లు వాడండి. ఉప్పు మడుల మట్టికి ఉప్పు ఇంకా పెంచాలి. బూజు కమ్మేయకుండా మిల్లీలీటరుకు 50 మైక్రోగ్రాముల సైక్లోహెక్సిమైడ్ కలుపుతారు. అది మనుషులకూ విషమే. గ్లవ్స్, మాస్కు లేకుండా తూకం వేయకండి. నిస్టాటిన్ దొరికితే అదే మేలు.

ప్లేటు మందంగా, 25 మిల్లీలీటర్ల దాకా పోయండి. ఎందుకంటే ఇవి 28 డిగ్రీల దగ్గర వారం నుంచి రెండు వారాలు ఉండాలి. పలచగా పోస్తే పదో రోజుకు అగార్ ఎండి అప్పడమైపోతుంది. ఇక్కడ మన ఊళ్ల ఇబ్బంది ఒకటుంది. మామూలు ఇంక్యుబేటర్ వేడి చేస్తుందే గానీ చల్లబరచదు. మే నెల్లో గది 36 డిగ్రీలుంటే, డయల్ 28 మీద పెట్టినా లోపల అంతకు తగ్గదు. చల్లబరచగల బీఓడీ ఇంక్యుబేటరే కావాలి. అది లేకపోతే మట్టి ఆరబెట్టి దాచుకుని, ప్లేట్ల పని డిసెంబరు, జనవరిల్లో పెట్టుకోండి.

ఏ కాలనీలు ఏరాలి

రెండో రోజు జిగటగా, పెద్దగా వచ్చేవాటిని చూసి మోజుపడకండి. అలాగని ప్లేటు పారేయకండి. ఐదో రోజు నుంచి చిన్నచిన్న చుక్కలు తేలతాయి. ఆక్టినోమైసిట్ కాలనీ గోడ మీద ఆరిన సున్నపు చుక్కలా ఉంటుంది: పైన పొడి, కింద గట్టి. లూపుతో గీకితే రాదు, అగార్లోకి పాతుకుపోయి ఉంటుంది. దాన్ని సూదితో పెకలించాలి. పొడి తెలుపు, బూడిద, గులాబి, అప్పుడప్పుడు నీలం. ప్లేటు తిరగేసి వెనక కూడా చూడండి. పసుపో ఎరుపో అగార్లోకి దిగిపోతే రాసుకోండి, తర్వాత పనికొస్తుంది. మూత కొద్దిగా తెరిచినా తొలకరి మట్టి వాసన వస్తుంది. అది జియోస్మిన్, స్ట్రెప్టోమైసిస్ వదిలేదే. వాసన కోసం ముక్కు దగ్గర పెట్టుకోకండి.

స్ట్రెప్టోమైసిస్ అన్నిచోట్లా దొరుకుతుంది కాబట్టి పాత మందులు కూడా దానిలోనే ఎక్కువ దొరుకుతాయి. నన్నడిగితే పొడి లేకుండా నారింజ, గోధుమ రంగుల్లో ముడతలు పడి ఉండే కాలనీలకు, పదో రోజు తర్వాత గానీ కనపడని సన్నవాటికి ముందు చోటిస్తాను. మట్టిలోని బ్యాక్టీరియాలో నూటికి ఒకటో, అంతకన్నా తక్కువో మాత్రమే మన ప్లేట్ల మీద మొలుస్తాయన్నది తెలిసిన సంగతే. 2015లో ప్రకటించిన టెయిక్సోబాక్టిన్ అనే యాంటీబయాటిక్ అలా మొలవని దానిలోంచే వచ్చింది. కిమ్ లూయిస్, స్లావా ఎప్స్టీన్ బృందం ఐచిప్ అనే పరికరంతో ఆ జీవిని మట్టిలోనే ఉంచి పెంచింది. మనకు ఐచిప్ లేకపోయినా, ఒకటి రెండు ప్లేట్లు బాగా పలచని మీడియంతో, అదే మట్టి కషాయం కలిపి పోసి నెల రోజులు వదిలేయడానికి ఖర్చేమీ లేదు.

ఏరినవాటిని ఐఎస్‌పీ 2 అనే మీడియం మీద ఒక్కటే రకం వచ్చేదాకా తిరగ గీసి, ఆ రోజే 20 శాతం గ్లిసరాల్లో రెండేసి గొట్టాలు దాచండి. మూడు నెలల తర్వాత జోన్ ఇవ్వడం మానేసే స్ట్రెయిన్లు (ఇలా విడదీసిన రకాలు) మామూలే. మొదటి గొట్టం ఉంటే వెనక్కి వెళ్లొచ్చు.

చంపుతుందా లేదా

పరీక్షకు ఆసుపత్రి నుంచి మొండి బ్యాక్టీరియా తెచ్చే సాహసాలు వద్దు. మామూలు కాలేజీ ల్యాబుకు ప్రమాదం లేని చుట్టాలు చాలు: గ్రామ్ పాజిటివ్‌కు (బయటి పొర లేని వర్గం) బాసిల్లస్ సబ్టిలిస్, గ్రామ్ నెగటివ్‌కు (బయటి పొర ఉన్న వర్గం) ఈకోలై కె-12 రకం. చండీగఢ్‌లోని ఎంటీసీసీ అనే సూక్ష్మజీవుల నిల్వ కేంద్రం నుంచి కాలేజీ తరఫున తెప్పించుకోవచ్చు.

క్రాస్ స్ట్రీక్ చేయండి. మీ స్ట్రెయిన్‌ను ప్లేటు మధ్యలో ఒక గీతగా గీసి ఐదారు రోజులు పెరగనివ్వండి. అప్పుడు పరీక్ష బ్యాక్టీరియాను ప్లేటు అంచు నుంచి ఆ గీతవైపు అడ్డంగా లాగండి. మర్నాడు ఏది ఎంత దూరంలో ఆగిందో కంటికే కనిపిస్తుంది. పరీక్ష బ్యాక్టీరియాను మాత్రమే గీసిన ప్లేటు ఒకటి పక్కన ఉండాలి. జోన్ వచ్చినా వెంటనే నమ్మకండి. మీ జీవి ఆమ్లం వదిలి పీహెచ్ పడగొట్టిందేమో, తిండంతా ముందే తినేసిందేమో చూడండి. 6 మిల్లీమీటర్ల అగార్ ముక్క కోసి కొత్త ప్లేటు మీద పెట్టినప్పుడు కూడా జోన్ వస్తే తిండి అనుమానం పోతుంది. ఇండికేటర్ పేపరు పెట్టి చూస్తే ఆమ్లం సంగతి తేలుతుంది.

బాసిల్లస్‌ను ఆపేవి బోలెడు దొరుకుతాయి. ఈకోలైని ఆపేవి తక్కువ, దాని బయటి పొర దాటడం కష్టం. మందులకు లొంగని బ్యాక్టీరియా మీద 2024లో డబ్ల్యూహెచ్ఓ ఇచ్చిన జాబితాలో అన్నిటికన్నా పైన ఉన్నవాటిలో కార్బాపెనెమ్ అనే బలమైన యాంటీబయాటిక్‌లకు లొంగని అసినెటోబాక్టర్ ఉంది. అదీ గ్రామ్ నెగటివే. అందుకని ఈకోలై జోన్ చూడగానే ప్రాణం లేచొస్తుంది. సరిగ్గా అక్కడే మోసపోతాం.

కొత్తదేనా

ఆక్టినోమైసిట్స్‌లో స్ట్రెప్టోత్రిసిన్ (ఇదీ పాత యాంటీబయాటికే) చేసేవి పదింట ఒకటి, స్ట్రెప్టోమైసిన్ చేసేవి నూటికి ఒకటి ఉంటాయని ఈ రంగంలో వాడే అంచనా. డాప్టోమైసిన్ లాంటిది కోటికి ఒకటి. స్ట్రెప్టోత్రిసిన్, స్ట్రెప్టోమైసిన్ రెండూ ఈకోలైని చంపుతాయి. కాబట్టి మీ జోన్ పాతదే అనుకుని మొదలుపెట్టండి, కాదని మీ ప్లేట్లే రుజువు చేయాలి.

డబ్బు లేని ల్యాబుకు ఒక చిట్కా ఉంది. జీన్ క్లోనింగ్ చేసే ఏ ల్యాబులోనైనా డీహెచ్10బీ, ఎక్స్ఎల్1 బ్లూ అనే ఈకోలై స్ట్రెయిన్లు ఉంటాయి. మొదటిది స్ట్రెప్టోమైసిన్‌ను, రెండోది టెట్రాసైక్లిన్‌ను తట్టుకుంటుంది. మీ అగార్ ముక్కను మామూలు ఈకోలై మీద, ఈ రెండింటి మీద ఒకే రోజు పెట్టండి. మామూలు దానిమీద పెద్ద జోన్ వచ్చి, డీహెచ్10బీ మీద ఏమీ రాకపోతే మీ చేతిలో ఉన్నది దాదాపు స్ట్రెప్టోమైసినే. మూడింటి మీదా ఒకేలా వస్తే ఆ రెండూ కాదు. స్ట్రెప్టోత్రిసిన్ అనుమానం మాత్రం ఇంకా ఉంటుంది.

అది దాటినవాటినే ద్రవంలో పెంచండి. 250 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో 50 మిల్లీలీటర్ల మీడియం పోసి, 28 డిగ్రీల దగ్గర షేకర్ మీద వారం రోజులు. సెంట్రిఫ్యూజ్ చేసి, పై ద్రవానికి సమానంగా ఇథైల్ అసిటేట్ పోసి రెండుసార్లు కలిపి వేరుచేయండి. పై పొరను ఫ్యూమ్ హుడ్ లోపల రోటరీ ఎవాపరేటర్‌తో ఆవిరి చేసి, మిగిలిన జిడ్డును కొద్దిపాటి మిథనాల్లో కరిగించి డిస్కుల మీద వేయండి. ఒట్టి మిథనాల్ వేసి ఆరబెట్టిన డిస్కు ఒకటి తప్పనిసరి. కింద మిగిలిన నీళ్ల పొరను కూడా పరీక్షించండి. స్ట్రెప్టోమైసిన్, స్ట్రెప్టోత్రిసిన్ లాంటివి ఇథైల్ అసిటేట్‌లోకి రావు, నీళ్లలోనే ఉంటాయి. చంపే గుణం ఏ పొరలో మిగిలిందన్నదే పెద్ద ఆధారం.

తర్వాత యూవీ స్పెక్ట్రోఫొటోమీటర్. పసుపు నారింజ రంగు ద్రావణం 440 నానోమీటర్ల దగ్గర శిఖరం చూపిస్తే అది ఆక్టినోమైసిన్ కావచ్చు. దాన్ని 1940లోనే వాక్స్‌మన్, బాయిడ్ వుడ్రఫ్ పట్టుకున్నారు. బ్యాక్టీరియాతో పాటు మన కణాలనూ చంపేంత విషమని యాంటీబయాటిక్‌గా పనికిరాలేదు, క్యాన్సర్ మందుగా స్థిరపడింది. మీ పదార్థం ఈకోలై, బాసిల్లస్, ఈస్ట్ అన్నిటినీ చంపుతుంటే సంబరపడకండి, భయపడండి. బ్లడ్ అగార్ మీద డిస్కు పెట్టి ఎర్ర కణాలు పగులుతున్నాయేమో చూడటం ఈ దశలోనే చేయాలి.

16ఎస్ (బ్యాక్టీరియాను గుర్తుపట్టడానికి చదివే జీన్) సీక్వెన్సింగ్ చేయిస్తే జీవి పేరు తెలుస్తుంది, పదార్థం పేరు తెలియదు. దగ్గరి చుట్టంతో పోలిక 98.7 శాతానికి తగ్గితే కొత్త జాతి అయ్యే వీలుంది. కొత్త జాతి పాత మందు చేయవచ్చు, పాత జాతి కొత్త మందు చేయవచ్చు. 2002లో స్ట్రెప్టోమైసిస్ సీలికలర్ జీనోమ్ చదివితే ఇలాంటి పదార్థాలు తయారుచేసే జీన్ల గుంపులు ఇరవైకి పైగా బయటపడ్డాయి. చాలావాటి ఉత్పత్తులు అంతదాకా ఎవరూ చూడలేదు. అందుకే ఒకే స్ట్రెయిన్‌ను నాలుగు రకాల మీడియంలో పెంచి చూడమంటారు. జీనోమ్ చేయించే స్తోమత ఉంటే యాంటీస్మాష్ అనే, ఇలాంటి జీన్ల గుంపుల్ని వెతికే సాఫ్ట్‌వేర్‌లో వేసి చూడండి, అది ఉచితం. చివరికి మాస్ స్పెక్ట్రోమెట్రీ (అణువు బరువు కొలిచి పదార్థాన్ని గుర్తించే పద్ధతి) తప్పదు. దానికి పెద్ద సంస్థల్ని అడగాలి. పైన చెప్పిన ఏరివేతలన్నీ చేసి, మిగిలిన ఒకటి రెండు నమూనాలతో వెళితేనే వాళ్లు సమయం ఇస్తారు.

నమూనాను గానీ స్ట్రెయిన్‌ను గానీ విదేశానికి పంపాలన్నా, పేటెంటు ఆలోచన ఉన్నా, 2002 జీవవైవిధ్య చట్టం వర్తిస్తుంది. చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ నియమాలు ముందుగానే చదువుకోండి. పోస్టు చేశాక కాదు.

పని అయిన ప్లేట్లు, ఫ్లాస్కులు ఏవీ కడగకముందే ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర, 15 పౌండ్ల ఒత్తిడిలో అరగంట ఉండాలి. ఇథైల్ అసిటేట్ మిగిలితే దాన్ని ఆటోక్లేవ్‌లో పెట్టకూడదు, మండుతుంది. మూతున్న సీసాలో విడిగా పోగుచేసి కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్ వాళ్లకు ఇవ్వండి. ప్రోబయాటిక్ బాసిల్లస్ అనుకున్నదైనా సరే, ఏ కల్చరూ సింకులో బతికుండగా పోయకండి.